ఎండాకాలం డే క్యాంపు: 24 మంది పిల్లలు, 10 రోజులు, ఒక కాలనీ పార్కు. ఆరుబయట ఏమేం చేయించొచ్చు?

కాలనీ_క్యాంపు | ఏప్రిల్ 14, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. హైదరాబాదులో నాగోలు వైపు కాలనీ పార్కులో మే 4 నుంచి 13 వరకు డే క్యాంపు పెడుతున్నాం. పిల్లలు 24 మంది, 6 నుంచి 12 ఏళ్ల వాళ్లు. పెద్దవాళ్లం నలుగురం. పార్కులో రెండు పెద్ద వేపచెట్లు, కానుగల వరస, ఒక రేల, ప్రహరీ పక్కన మునగ, ఒక మూల నిమ్మచెట్టు ఉన్నాయి. వెనకాల ఖాళీ ప్లాటులో బండరాళ్లు, పిచ్చిమొక్కలు. బోరు నల్లా ఉంది. చెట్టు, పిట్ట, పురుగు, మట్టి వీటితోనే చేయించాలని ఉంది. టైము ఉదయం 9 నుంచి 1 అనుకున్నాం. ఒకరోజు బస్సులో అమీన్‌పూర్ చెరువుకో కేబీఆర్ పార్కుకో తీసుకెళ్దామనీ ఉంది. ఏవి బాగుంటాయి, ఎక్కడ తేడా కొడుతుంది, వివరంగా చెప్పండి.

వేపనీడ | ఏప్రిల్ 14, రాత్రి 9.48

అక్కా, అన్నిటికన్నా ముందు టైము మార్చండి. మే మొదటి వారంలో ఇక్కడ 5.50 కల్లా పొద్దు పొడుస్తుంది. పిట్టలు, సీతాకోకలు, చీమలు అన్నీ 8.30 లోపే తిరుగుతాయి. 9 గంటలకు మొదలుపెడితే పిల్లలకు కనిపించేది ఎండ ఒక్కటే. 6.15కి రమ్మనండి. 8.45 వరకు తిరిగి చేసే పనులు, 10 వరకు వేపచెట్టు కింద కూర్చుని చేసే పనులు, 10.30కి ఇంటికి. కమ్యూనిటీ హాలు ఉంటే ఆఖరి అరగంట అక్కడ బొమ్మలు, రాతలు పెట్టుకోవచ్చు.

నీడ ఎటు జరుగుతుందో ముందే చూసి పెట్టుకోండి. పొద్దున చెట్టు నీడ పడమటి వైపు పడుతుంది, 10 అయ్యేసరికి మొదలు దగ్గరికి వచ్చేస్తుంది. 7 గంటలకు చాప ఎక్కడ బాగుందనిపిస్తుందో 9.30కి అక్కడ ఎండ ఉంటుంది. క్యాంపుకు రెండు రోజుల ముందు 7, 8, 9, 10 గంటలకు నీడ అంచున సున్నంతో గీత గీసి చూడండి. చాపలు ఎక్కడ వేయాలో ఆ గీతలే చెబుతాయి.

పిల్లల_నర్సు | ఏప్రిల్ 14, రాత్రి 10.20

టైము విషయంలో పై మాటే నాదీ. నీళ్ల సంగతి రాస్తాను.

దాహం వేసినప్పుడు తాగుతారులే అని వదిలేయకండి, ఆటలో పిల్లలకు దాహం తెలియదు. 20 నిమిషాలకోసారి విజిల్ వేసి అందరిచేతా ఒకేసారి తాగించండి. 6 నుంచి 8 ఏళ్ల వాళ్లకు అర గ్లాసు పైన, అంటే 100 నుంచి 150 మి.లీ. పెద్ద పిల్లలకు 200 మి.లీ. దాకా. సీసా గుటకలను లెక్క కట్టలేం, అందుకని స్టీలు గ్లాసుతో కొలిచి పోయండి. 24 మందికి ఆ నాలుగు గంటలకు 50 లీటర్లు సిద్ధంగా ఉంచుకోండి. చేతులు కడగడానికి, తల తడపడానికి వేరే నీళ్లు.

ఓఆర్‌ఎస్ దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు, లీటరు ప్యాకెట్టును అరలీటరు సీసాలో మొత్తం పోయడం. ఉప్పు రెట్టింపై పిల్లలకు హాని చేస్తుంది. సగం పొడి వేసి సగం దాచడమూ వద్దు, పొడి సమంగా కలిసి ఉండదు. ఒక ప్యాకెట్టు, ఒక లీటరు, కలిపిన 24 గంటల తర్వాత పారబోయాలి. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడే కొనండి, తియ్యటి డబ్బా పానీయాలు కాదు. ప్యాకెట్టు దొరకకపోతే లీటరు మంచినీళ్లలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తల కొట్టి కొలవాలి. పలుచటి మజ్జిగ చాలా మంచిది. స్టీలు క్యానుకు తడి గోనెసంచి చుట్టి నీడలో పెట్టండి, 9 లోపు అయిపోవాలి.

తలనొప్పి, వికారం, మొహం బాగా ఎర్రబడటం కనిపిస్తే ఆ పిల్ల ఆట అక్కడితో ఆపేయాలి. నీడలోకి తీసుకెళ్లి, బట్టలు వదులు చేసి, మెడ, చంకలు, గజ్జల దగ్గర తడిబట్ట వేసి విసరాలి. మాట తడబడినా, మగతగా ఉన్నా, మూర్ఛ వచ్చినా అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోన్ చేయండి, వచ్చేదాకా ఒంటిమీద నీళ్లు పోస్తూనే ఉండండి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పోయకూడదు.

చెలకమట్టి | ఏప్రిల్ 15, ఉదయం 6.05

బస్సు ట్రిప్పు గురించి జర ఆలోచించుండ్రి. నాగోలు నుంచి అమీన్‌పూర్ అంటే ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు. పొద్దుగాల బయల్దేరినా చేరేసరికి ఎండ ముదురుతది, గట్టు మీద నీడ తక్కువ. ఆ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమని గుర్తింపు ఇచ్చిన మాట నిజమే గానీ, చలికాలంల వచ్చే పక్షులు మే నాటికి వెళ్లిపోతయి. చలికాలంల తీసుకపోతే పిల్లల కడుపు నిండుతది. కేబీఆర్ జాతీయ ఉద్యానం, అక్కడ ఆకు కూడా తెంపొద్దు, నడిచే వాళ్ల రద్దీ వేరే. చూసుకుంట పోవుడే తప్ప కూసొని పని చేయించలేరు.

పోవాల్నంటే మీకు వనస్థలిపురం హరిణ వనస్థలి దగ్గర. కృష్ణజింకలు కనిపిస్తయి. తెరిచే టైము, సెలవు దినం ముందుగాల కనుక్కోండ్రి.

ఇంకొకటి. ఏ చెరువైనా సరే, పిల్లల చేతులు నీళ్లల్ల పెట్టనియ్యొద్దు. ఊళ్లె చెరువులల్ల మురుగు కలుస్తది. జల్లెడతోని నీటిపురుగులు పట్టే ఆట పుస్తకాలల్ల మంచిగ ఉంటది, మన చెరువులకు పనికిరాదు.

కాలనీ_క్యాంపు | ఏప్రిల్ 15, ఉదయం 7.30

టైము 6.15 నుంచి 10.30కి మార్చాం. అమీన్‌పూర్ మానేశాం. అయితే 10 రోజులూ ఒకే పార్కులో అంటే పిల్లలకు విసుగు పుట్టదా? రోజుకో కొత్త అంశం పెట్టాలా?

వేపనీడ | ఏప్రిల్ 15, ఉదయం 8.15

రోజుకో కొత్తది పెడితేనే విసుగు. ఏదీ ముదరదు, ఏదీ మారుతున్నట్టు కనిపించదు. ఒకే చోటును పది రోజులు చూస్తేనే పిల్లలకు కన్ను పడుతుంది. దానికి మీటరు గడి పెట్టండి.

24 మందిని నలుగురేసి 6 జట్లు చేయండి, ప్రతి జట్టులో పెద్ద పిల్లలూ చిన్న పిల్లలూ కలవాలి. జట్టుకు 4 వెదురు మేకులు, 4.5 మీటర్ల సుతిలి తాడు. మీటరు పొడవు, మీటరు వెడల్పు గడి కట్టి పదిరోజులూ ఉంచేయాలి. ఇనుప మేకులు వద్దు, గడ్డిలో కనబడక కాళ్లకు దిగుతాయి. వెదురు మేకు తలకు ఎర్రగుడ్డ చుట్టండి. గడులన్నీ ఒకే రకం చోట వేయకండి: వేప కింద ఒకటి, కానుగ కింద ఒకటి, నల్లా తడి పక్కన ఒకటి, పూర్తి ఎండలో ఒకటి, రేల కింద ఒకటి, నిమ్మ దగ్గర ఒకటి. ఎండలో గడి కట్టిన జట్టు 7 లోపే పని ముగించాలి.

రోజూ 15 నిమిషాలు. రాలిన ఆకులెన్ని, కదిలేవి ఏవి, కొత్తగా ఏం వచ్చింది. పేర్లు తెలియకపోయినా ఫర్వాలేదు, 'నల్లది, నడుం సన్నం, పరుగెడుతుంది' అని రాసినా చాలు. నాలుగో రోజుకు మీరు అడగకుండానే పక్క జట్టు గడితో పోల్చడం మొదలుపెడతారు. వేప కింద కాయల మీద చీమలు, ఎండ గడిలో ఏమీ లేకపోవడం, తడి గడిలో వానపాము మట్టి. అసలు పాఠం ఈ తేడాలోనే ఉంది.

భూతద్దాలు 5 రెట్లు చూపేవి చాలు, జట్టుకు ఒకటి. నీడలోనే వాడాలి. ఎండలో ఎండుటాకుల మీద పెడితే నిప్పు పుడుతుంది, సూర్యుడి వైపు పెట్టి చూస్తే కన్ను పోతుంది. మొదటిరోజే చెప్పండి, రోజూ 15 నిమిషాల తర్వాత ఆరూ లెక్కపెట్టి తీసుకోండి.

పాలపిట్ట_ఈక | ఏప్రిల్ 15, ఉదయం 9.40

పిట్టల కోసం బైనాక్యులర్లు కొనకండి. పదేళ్ల లోపు పిల్లలు వాటిలోంచి పిట్టను పట్టుకునేలోపు అది ఎగిరిపోతుంది. చెవితో మొదలుపెట్టండి. 6.30కి అందరూ చాప మీద కూర్చుని, కళ్లు మూసుకుని 3 నిమిషాలు వింటారు. కాగితం మధ్యలో చుక్క, అంటే తాము. ఏ వైపు నుంచి అరుపు వస్తే ఆ వైపు ఒక గుర్తు. ఆరేళ్ల వాళ్లకు 3 నిమిషాలకు మించి కుదరదు, పెంచకండి.

మేలో మీ పార్కులో ఖాయంగా వినిపించేవి: కోయిల, గోరింక, పికిలిపిట్ట, రామచిలుక, కాకి. ఎక్కడో ఇత్తడి గిన్నె మీద చిన్న సుత్తితో సమంగా కొట్టినట్టు 'టుక్ టుక్' వినిపిస్తే అది కంసాలిపిట్ట. చిన్నది, ఆకుపచ్చది, ఆకుల్లో కలిసిపోతుంది, అందుకే కంటికన్నా చెవికి ముందు దొరుకుతుంది.

కోయిలతో ఒక పని చేయించండి. నల్లగా ఉండి 'కూ' అని ఎత్తుకునేది మగది. ఆడది గోధుమరంగు, ఒళ్లంతా తెల్ల చుక్కలు, దాని అరుపు 'కిక్ కిక్' అని గరుకుగా ఉంటుంది. పిల్లలు రెండిటినీ వేరే పిట్టలు అనుకుంటారు. కాకిగూడు ఎక్కడుందో కింద నుంచే కనిపెడితే కోయిల దాని చుట్టూ ఎందుకు తిరుగుతోందో వాళ్లే అడుగుతారు.

ఖాళీ ప్లాటు గురించి ఒక హెచ్చరిక. రాళ్ల మధ్య నేల మీదే తీతువు గుడ్లు పెడుతుంది, ఇది దానికి గుడ్ల కాలం. గుడ్లు అచ్చం మచ్చల రాళ్లలా ఉంటాయి, కాలు పడేదాకా తెలియదు. తీతువు మీ తలమీదుగా అరుస్తూ తిరిగితే గూడు దగ్గర్లో ఉన్నట్టే, వెనక్కి వచ్చేయండి. తల్లి లేచి ఉన్నంతసేపూ గుడ్ల మీద ఎండ పడుతుంది.

నీళ్ల మూకుళ్లు పెట్టండి, మట్టివి, వెడల్పువి, 2 అంగుళాల లోతు, మధ్యలో ఒక గరుకు రాయి. పిల్లి మాటు వేయలేని చోట, పొదకు 2 మీటర్ల దూరంలో ఉండాలి. రోజూ పీచుతో తోమి కొత్తనీళ్లు పోయాలి. వారం వదిలేస్తే దోమలు పుడతాయి.

చెలకమట్టి | ఏప్రిల్ 15, మధ్యాహ్నం 1.15

మట్టి సంగతి నేను చెప్త. మీ వెనక ప్లాటుల బండలు ఉన్నయంటే పుస్తకం అక్కర్లేదు. హైదరాబాదు గ్రానైటు సుమారు 250 కోట్ల ఏండ్లది. బండ మీద చెంబెడు నీళ్లు పోసి భూతద్దంతోని చూపియ్యుండ్రి. పొడిగ ఉన్నప్పుడు బూడిద రంగుల కనపడ్డది తడవంగనే మూడు రంగులు చూపిస్తది: గులాబీ రంగువి, గాజు తీరుగ మెరిసేవి, నల్ల చుక్కలు. అదే బండ పక్కకు రాలిన మొరం చేతిల నలిపితే అవే మూడు రంగుల పలుకులు. మొరం ఇంకా నలిగితే ఎర్ర చెలక. బండ, మొరం, చెలక మూడు గుప్పిళ్లు పక్కపక్కన పెడితే మన్ను ఎట్ల పుడతదో పిల్లగానికి చెప్పే పని లేదు.

తర్వాత సీసా పని. లీటరు ప్లాస్టిక్ సీసాల మూడోవంతు మన్ను, ముప్పావు దాకా నీళ్లు, చిటికెడు బట్టల సబ్బు పొడి. మూత బిగించి రెండు నిమిషాలు గట్టిగ ఊపి కదలకుండ పెట్టాలె. ఇసుక నిమిషంల దిగుతది. దాని మీద ఒండ్రు దిగటానికి రెండు గంటలు. బంకమన్ను మరునాటి దాక పడతది. ఒక సీసాల చెలక, ఒక సీసాల నల్లరేగడి పెట్టుండ్రి, మరునాడు గీతలు గీసి కొలవొచ్చు. ముందుగాల వేర్లు, రాళ్లు జల్లెడ పట్టకపోతే వేర్లు పైన తేలి, రాళ్లు అడుగున చేరి గీతలు కనపడవు. పిల్లలు మాటిమాటికి ఎత్తి చూస్తరు, ఎత్తినప్పుడల్లా మళ్ల కలుస్తది. అందుకని గట్టు మీద పెట్టి చుట్టూ గీత గీయుండ్రి.

కాలనీ_క్యాంపు | ఏప్రిల్ 15, రాత్రి 8.30

చాలా థ్యాంక్స్. ఇంకో రెండు ప్రశ్నలు. ఒకటి, విత్తన బంతులు చేయిద్దామని తల్లిదండ్రులు అడుగుతున్నారు. రెండు, పాములు, తేళ్ల భయం ఉంది, ఖాళీ ప్లాటులోకి పిల్లల్ని పంపొచ్చా?

నర్సరీ_మనిషి | ఏప్రిల్ 15, రాత్రి 9.25

విత్తన బంతుల గురించి: చేయించండి, కానీ ఏ విత్తనం అన్నదే అసలు సంగతి. చాలాచోట్ల వేప గింజలు పెట్టి నెలలు దాస్తారు. వేప గింజకు మొలిచే శక్తి కొన్ని వారాలకే తగ్గిపోతుంది. పండు రాలినప్పుడే గుజ్జు తీసి వెంటనే నాటాలి, బంతిలో దాచేది కాదు. మీ పని జరిగేది మే మొదట్లో, చల్లేది మృగశిర కార్తె వానలకు, అంటే జూన్ 8 తర్వాత. నెల రోజులు ఆగగల గింజలు కావాలి: రేల, చింత, సీతాఫలం. రేల గింజ పెంకు చాలా గట్టిది, బంతిలో పెట్టేముందు గరుకు కాగితం మీద ఒకవైపు రుద్దండి, లోపలి తెలుపు కనిపించీ కనిపించగానే ఆపేయాలి. పిల్లలు ఇష్టంగా చేస్తారు. సుబాబుల్ మాత్రం వద్దు, పడ్డచోట అంతా తానే అవుతుంది.

కొలత: జల్లెడ పట్టిన బంకమన్ను 5 పాళ్లు, పొడి వర్మీ కంపోస్టు లేదా మాగిన పశువుల ఎరువు 3 పాళ్లు. గమేళాలో పొడిగా కలిపి, నీళ్లు చిలకరిస్తూ చపాతీ పిండికన్నా గట్టిగా పిసకాలి. నిమ్మకాయంత ఉండ, ఒక్కోదానిలో రెండు గింజలు. మీటరు ఎత్తు నుంచి వదిలితే పగలకూడదు, అరచేతికి బురద అంటకూడదు. నీడలో 3 రోజులు ఆరబెట్టాలి. ఎండలో పెడితే గంటలో పగుళ్లు వస్తాయి. పొడిపొడిగా రాలితే ఎరువు ఎక్కువైంది. నీళ్లు ఎక్కువైతే ఆరేలోపే గింజ లోపలే మొలిచి చచ్చిపోతుంది. మీ దగ్గర చెలక మన్నే ఉంటే ఉండ నిలవదు, నల్లరేగడి సగం కలపండి.

జాతీయ ఉద్యానాల్లో, అడవిశాఖ భూముల్లో అనుమతి లేకుండా విసరొద్దు. పిల్లలకు 5 చొప్పున ఇచ్చి, ఒకటి ఇంట్లో కుండీలో పెట్టమనండి. మిగతావి పడ్డచోట మొలిచేవి తక్కువ, కుండీలో దాన్ని మాత్రం కళ్లారా చూస్తారు.

వేపనీడ | ఏప్రిల్ 15, రాత్రి 9.50

అందుకే బంతులకన్నా 24 కుండీల్లో చింత మొలకలు పెంచడమే నాకు మేలనిపిస్తుంది. చింతగింజ రాత్రంతా నానబెట్టి అంగుళం లోతున పెడితే ఒకటి రెండు వారాల్లో తల ఎత్తుతుంది. క్యాంపు చివరికి కొందరివైనా మొలుస్తాయి, మిగతావి ఇంట్లో.

నర్సరీ_మనిషి | ఏప్రిల్ 15, రాత్రి 10.05

ఒప్పుకుంటాను. అయితే మొదటిరోజే నాటించండి. ఐదో రోజు నాటితే క్యాంపులో ఏమీ చూడరు.

బండసందు | ఏప్రిల్ 16, ఉదయం 6.40

ఖాళీ ప్లాటుకు పిల్లల్ని జట్టుగా, ముందు ఒక పెద్ద, వెనక ఒక పెద్ద ఉండి తీసుకెళ్లొచ్చు. నడిచే దారి ఒక్కటే, మీరు ముందే శుభ్రం చేసి సున్నం గీత పోసినది. చెప్పులు వద్దు, వేళ్లు మూసే బూట్లు, సాక్సులు. ఇటుకల కుప్ప, కర్రల కుప్ప, నల్లా కింది తడి, ఇవి ఎండాకాలంలో పాములు, తేళ్లు చేరే చోట్లు. ఈ కుప్పలు క్యాంపుకు వారం ముందే తీయించండి, ముందురోజు తీస్తే చెదిరినవి అక్కడక్కడే తిరుగుతుంటాయి.

రాయి ఎత్తే పని పెద్దవాళ్లది, అదీ మీటరు కర్రతో. అవతలి అంచుకు కర్ర తగిలించి మీవైపుకు లేపాలి, అప్పుడు రాయి మీకూ లోపలున్నదానికీ మధ్య అడ్డుగా ఉంటుంది. ఇవతలి అంచు లేపితే అది సూటిగా మీ కాళ్ల మీదకు వస్తుంది. చూశాక రాయి ఎలా ఉందో అలాగే పెట్టేయాలి, అది దాని ఇల్లు.

పాము కనిపిస్తే పిల్లలంతా ఆగి, వెనక్కి పది అడుగులు. చంపొద్దు, తరమొద్దు, ఒక మనిషి దూరం నుంచి అది ఎటు పోతోందో చూస్తూ ఉండాలి. మన ఊళ్లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు ఉన్నారు, వాళ్ల నంబరు ముందే గోడ మీద రాసిపెట్టండి. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయొద్దు. కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి ఆసుపత్రికి. విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉందో క్యాంపుకు ముందే ఫోన్ చేసి అడగండి.

కొండ తేనెటీగల పట్టు పార్కులోగానీ పక్క అపార్టుమెంటు అంచునగానీ ఉంటే ఆ వైపు క్యాంపే వద్దు. సెంటు, డియోడరెంటు కొట్టుకుని రావద్దని తల్లిదండ్రులకు రాయండి.

పిల్లల_నర్సు | ఏప్రిల్ 16, ఉదయం 7.20

పిచ్చిమొక్కల సంగతి కలుపుతాను. వయ్యారిభామ ఎండిపోయి నిలబడి ఉన్నా దద్దుర్లు, ఆయాసం తెప్పిస్తుంది. వారం ముందే చేతికి గ్లోవ్స్, ముక్కుకు గుడ్డ కట్టుకుని, నేల తడిపి పీకించండి. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, ఆముదం, అడవి ఆముదం, గురివింద ఏవి ఉన్నా మొదటిరోజే చూపించి, ముట్టుకోకూడనివని చెప్పండి. అడవి ఆముదం గింజలు వేరుశనగల్లా కనబడతాయి, పిల్లలు తిని వాంతులతో వస్తుంటారు. జిల్లేడు పాలు కంట్లో పడితే 15 నిమిషాలు ధారగా కడిగి కంటి డాక్టరు దగ్గరకు.

మునగచెట్టు మొదలు రోజూ చూడండి. బొంతపురుగులు గుంపుగా ఉంటే ఆ చెట్టు దగ్గరికి ఎవరూ పోవద్దు. తగిలితే రుద్దకూడదు, టేపు అంటించి లాగితే నూగు వస్తుంది, తర్వాత సబ్బు నీళ్లు.

పాలపిట్ట_ఈక | ఏప్రిల్ 16, ఉదయం 8.00

నూగు పురుగు భయం చెప్పారు కనుక, భయం లేని పురుగు ఒకటి. మీ నిమ్మచెట్టు ఆకులు కొరికి ఉన్నాయేమో చూడండి. చిన్నప్పుడు పిట్ట రెట్టలా, పెరిగాక నున్నటి పచ్చగా ఉండే పురుగు నిమ్మ సీతాకోకది. వేలెడు పచ్చదాన్ని ఆకుతో సహా తెస్తే క్యాంపు లోపలే గూడు కడుతుంది. సన్నటి పుల్లతో మెడ దగ్గర మెల్లగా తాకితే, తల వెనక నుంచి తడి మెరుపుతో రెండు కొమ్ములు బయటికొచ్చి, వాసన వదిలి, మళ్లీ లోపలికి ముడుచుకుంటాయి. ఒక్కసారే చూపించండి, మాటిమాటికీ చేస్తే దాని శక్తి పోతుంది.

వెడల్పు నోటి ప్లాస్టిక్ డబ్బా, మూతకు బదులు దోమతెర గుడ్డ, లోపల ఏటవాలుగా ఒక పుల్ల, అడుగున కాగితం. మందు కొట్టని నిమ్మ లేదా కరివేపాకు రోజూ తాజాగా. లోపల నీళ్ల సీసా పెట్టొద్దు, పడి చస్తుంది. ఎండ తగిలితే డబ్బా ఉడికిపోతుంది. గూడు కట్టాక 8 రోజులు అటూ ఇటూగా సీతాకోక వస్తుంది. రెక్కలు ఆరేదాకా ముట్టుకోకుండా, వచ్చిన చెట్టు దగ్గరే వదిలేయాలి. మిగతా పురుగులను సీసాల్లో పట్టించకండి. గడిలో చూసినవి గడిలోనే ఉండాలి.

కాలనీ_క్యాంపు | ఏప్రిల్ 16, రాత్రి 9.00

అన్నీ రాసుకున్నాను. వేపచెట్టు కింద 9 తర్వాత కూర్చుని చేసేవి రెండు మూడు చెప్తారా? కాగితం పనులు తప్ప ఏమీ తోచట్లేదు.

నర్సరీ_మనిషి | ఏప్రిల్ 16, రాత్రి 9.35

కవరు పని పెట్టండి. 7 గంటలకు కానుగ కొమ్మకు, ఎండ తగిలే వైపు, 20, 30 ఆకులు లోపలికి వచ్చేలా పారదర్శక కవరు తొడిగి దారంతో బిగించాలి. కవరు మూలన చిన్న రాయి వేస్తే ఆ మూల కిందికి వంగి నీళ్లు అక్కడే చేరతాయి. పక్కనే ఎండుకొమ్మకు ఇంకో కవరు. 9.30కి రెండూ విప్పి చూడటమే. పచ్చకొమ్మ కవరులో నీళ్లు, ఎండుకొమ్మ కవరు పొడి. చెట్టు కింద చల్లగా ఎందుకుందో అప్పుడు అడగండి. సాయంత్రం దాకా వదిలేస్తే ఆకులు మాడిపోతాయి, విప్పడం మరవొద్దు.

బట్ట మీద ఆకు అద్దకం కూడా. తెల్ల నూలు గుడ్డను లీటరుకు 2 చెంచాల పటిక కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టాలి. ఆకు పెట్టి, గుడ్డ మడిచి, చెక్కపలక మీద నున్నటి గుండ్రాయితో అంచుల నుంచి లోపలికి కొట్టాలి. ముదురాకు పడదు, లేతది కావాలి. దగ్గర్లో టేకు ఉంటే లేత చిగురు ఒకటి తెచ్చి అరచేతిలో నలపమనండి. పచ్చటి ఆకు, ఎర్రటి చెయ్యి.

వేపనీడ | ఏప్రిల్ 16, రాత్రి 10.10

ఇంకొకటి, మీ తేదీలు చూస్తే వదలకూడనిది. హైదరాబాదులో మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం 12.12కి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువు కర్రకు నీడ ఉండదు. మీ 10 రోజులు సరిగ్గా దాని రెండు వైపులా ఉన్నాయి.

మీటరు కర్ర ఒకటి, దారానికి నట్టు కట్టి నిలువు సరిచూసి, చదునైన సిమెంటు నేల మీద తొట్టిలో ఇసుక పోసి పాతండి. రోజూ 12.12కి పెద్దవాళ్లు ఒకరు వెళ్లి నీడ కొస దగ్గర చాక్‌పీసుతో గీత గీసి తేదీ రాస్తే చాలు, పిల్లలు మర్నాడు పొద్దున చూస్తారు. మే 4న కొస ఉత్తరం వైపు రెండు, రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది. రోజురోజుకూ తగ్గి, 9న పోయి, 13కి దక్షిణం వైపు ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు వస్తుంది. కర్ర ఒక డిగ్రీ వంగినా గీతలన్నీ తప్పు, అందుకని నట్టుదారం రోజూ చూడాలి. కర్ర లావుగా ఉంటే కొస తెలియదు, వేలి లావు మించొద్దు.

9న మాత్రం పెద్ద పిల్లలను టోపీలతో 12.05కి పిలిచి 12.20కి పంపేయండి. అడుగు పొడవు పైపుముక్క ఒకటి నిలబెట్టండి. మామూలప్పుడు లోపల ఒక పక్కకే పడే వెలుగు ఆ క్షణాన అడుగంతా నిండుగా పడుతుంది. మబ్బు పడితే 10న చేయించండి, తేడా మిల్లీమీటర్లలోనే ఉంటుంది.

కాలనీ_క్యాంపు | ఏప్రిల్ 17, ఉదయం 6.50

9న పెద్ద పిల్లల తల్లిదండ్రులకు ఇవాళే మెసేజ్ పెడుతున్నాను. నీడ గీతల కోసం రేపు పొద్దున సున్నం తీసుకుని పార్కుకు వెళ్తాం. వయ్యారిభామ పీకించడానికి మనిషిని 26కి మాట్లాడాం.

చెలకమట్టి | ఏప్రిల్ 17, ఉదయం 7.05

26కి అంటే బాగుంది. పీకిన దాన్ని అక్కడే కుప్ప పెట్టనియ్యొద్దు, సంచులల్ల కట్టి అదే దినం పంపియ్యుండ్రి. కుప్ప ఉంటే పాములు, తేళ్లు మళ్ల దాని కిందనే చేరతయి.